గాలి తగలకూడని గది

కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ఎక్కడైనా కలిస్తే, కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, చివరికి ఒక ప్రశ్న దగ్గరికి వస్తారు. "మేడం, మీకు భయం పోవడానికి ఎన్నాళ్లు పట్టిందండి?" అని. రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు నిజం చెప్పినా నాకు మెమో ఇచ్చేవాళ్లు లేరు. నా భయం పోలేదమ్మా. ఉద్యోగంలో చేరిన రోజు ఎంత ఉందో, ఆఖరి రోజు గేటు దాటుతున్నప్పుడూ ఇంచుమించు అంతే ఉంది. దాన్ని పెట్టుకుని పని చేయడం ఎలాగో మాత్రం ఒకసారి తెలిసింది. ఆ సంగతే రాస్తున్నాను. పేర్లు రాయను. వాళ్లలో కొందరిని ఇక నేను అడగలేను, మిగిలినవాళ్లు నేను అడిగితే వద్దంటారు.

కరోనాకి కొన్నేళ్ల ముందు మాట. గోదావరి ఒడ్డున ఒక ప్రభుత్వాసుపత్రిలో, అంటువ్యాధుల వార్డులో పనిచేస్తున్నాను. వార్డు చివర, వరండా మలుపు తిరిగాక ఒక గది ఉండేది. కాగితాల మీద అది ఐసొలేషన్ రూం. నోటి మీద మాత్రం అందరికీ కుక్కకాటు గదే. కిటికీలకి ముదురు ఆకుపచ్చ తెరలు, లోపల ఒక్క మంచం. ఫ్యాను ఎప్పుడో విప్పేశారు. కుళాయి లేదు. పిచ్చికుక్క కరిచినా సూదులు వేయించుకోక, నెలల తర్వాత జబ్బు బయటపడి వచ్చేవాళ్లని అందులో ఉంచేవాళ్లం. ఆ జబ్బులో నీళ్లు చూస్తే గొంతు పట్టేస్తుంది. ముఖానికి గాలి తగిలినా అంతే. ఒకసారి బయటపడిందంటే ఇక మందు లేదు. ఇదంతా మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. అక్కడ ఒక్క ముక్కలో రాసి వదిలేసేది ఒకటుంది. ఆ మనిషికి మధ్యమధ్యలో పూర్తి తెలివి ఉంటుంది. మనలాగే మాట్లాడతాడు. తనకేమవుతోందో తనకి తెలుస్తూనే ఉంటుంది. ఆ గదిలో మమ్మల్ని నిజంగా భయపెట్టింది అదే.

మా నాన్నగారిది మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు. మా చుట్టాల్లో నర్సుగా వెళ్లింది నేనొక్కదాన్నే. "పోయిపోయి రోగాల మధ్యకా?" అని మా మేనత్త పెళ్లిళ్లలో కూడా అడిగేది. ఆ గదిలో డ్యూటీ పడిన ప్రతిసారీ ఆవిడ మాట సబబుగానే తోచేది నాకు.

మా హెడ్ సిస్టర్ సన్నగా, పొట్టిగా ఉండేవారు. దుప్పటి మూల సరిగా మడవకపోతే మాట్లాడకుండా విప్పేసి వెళ్లిపోయేవారు. మళ్లీ మనమే వేసుకోవాలి. ఆవిడ నాన్నగారు బడిపంతులు. ఈవిడ చిన్నతనంలోనే ఆయన కుటుంబంతో సహా బుద్ధుడి దారి పట్టారట. ఆదివారాలు వాళ్ల పేటలో ఒక గదిలో పదిమంది చేరి కళ్లు మూసుకుని కూర్చునేవారని చెప్పేవారు. వార్డు అలమరలో దూది కట్టల వెనక వేలెడంత బుద్ధుడి బొమ్మ ఒకటి దాచుకున్నారు. ప్రచారం మాత్రం చేసేవారు కాదు. టీ తాగేటప్పుడు ఎవరైనా కదిలిస్తేనే చెప్పేవారు.

ఒకసారి నేనే కదిలించాను. "దుఃఖం ఉంది అన్నదే మొదటి సత్యం" అన్నారు.

"అది తెలుసుకోడానికి రాజ్యం వదులుకోవాలా అండి? మన వార్డులో ఒక డ్యూటీ చేస్తే సరిపోయేది" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. "తెలుసుకోవడం సులువేనమ్మా. ఒప్పుకోవడమే కష్టం. పొద్దున్నుంచీ మనం చేస్తున్నదేంటి? మంచాల మధ్య గబగబా తిరుగుతూ, అది లేనట్టే నటిస్తున్నాం" అన్నారు. నేను నవ్వేసి గ్లాసు కడగడానికి వెళ్లిపోయాను.

ఆ మనిషి వచ్చింది ఒక మధ్యాహ్నం. జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసే పని ఆయనది. నలభై లోపు వయసు. కండలు తిరిగిన చేతులు, ఎండకి కాలిన మెడ. అంబులెన్సు దిగి తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. పక్కన భార్య, చంకలో గుడ్డసంచీ. వర్షాకాలంలో తోటలో కుక్క ముంజేతి మీద కరిచిందట. పసుపు అద్దుకుని పనిలోకి వెళ్లిపోయాడు. పుండు మానిపోయింది, మనిషి మర్చిపోయాడు. ఈమధ్య ఆ మానిన చోటే చీమలు పాకుతున్నట్టు ఉందన్నాడు. ముందురోజు నుంచి టీ మింగుడు పడటం లేదన్నాడు.

"గొంతు నొప్పేమోనండి. నీళ్లు తప్ప ఏ మందిచ్చినా ఏసుకుంటానండి" అన్నాడు మర్యాదగా.

మా డ్యూటీ డాక్టరు అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన కుర్రాడు. పుస్తకంలో ఉన్న పరీక్షని కళ్లారా చూసుకోవాలనుకున్నాడో ఏమో, ఒక గ్లాసులో నీళ్లు పోసి ఆయన ముందు పెట్టాడు. గ్లాసు కనబడగానే ఆ మనిషి మెడ నరాలు తాళ్లలా లేచాయి. తల వెనక్కి విరుచుకుపోయింది. గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను ఇక్కడ రాయలేను. మేమంతా ఒక్కసారిగా వెనక్కి జరిగాం. డాక్టరు చేతిలో గ్లాసు జారి నేల మీద పగిలింది. ఆ నీళ్లు పారుతుంటే చూడలేక ఆయన గోడ వైపు తిరిగిపోయాడు.

కాసేపటికి తేరుకుని, చొక్కా చేత్తో నోరు తుడుచుకున్నాడు. "ఏంటండి ఇది? నాకేమైంది?" అన్నాడు.

 హెడ్ సిస్టర్ వంగి గాజుపెంకులు ఏరుతూ, "ముందు పడుకో బాబూ. నీ దగ్గరికి ఎవరూ నీళ్లు తీసుకురారు" అన్నారు.

ఆయన భార్యకి విషయం చెప్పాల్సింది డాక్టరే. వరండాలో, నేల చూస్తూ, తడబడుతూ చెప్పాడు. అంతా విని ఆమె, "అయితే ఎప్పుడు తగ్గుతాదండి?" అని అడిగింది. వినబడలేదని కాదు. ఇంకోలా చెబుతాడేమోనని. డాక్టరు మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి సగంలోనే ఆమె గోడకి ఆనుకుని కూలబడింది.

నాకు ఏం చేయాలో తోచలేదు. హెడ్ సిస్టర్‌ని పక్కకి పిలిచి, "మీ బుద్ధుడు ఏదో చెప్పాడు కదండీ. ఆవాల కథ. అది చెప్పండి ఆవిడకి" అన్నాను. బిడ్డ చనిపోయిన ఒక తల్లి బతికించమని బుద్ధుడి కాళ్ల మీద పడితే, చావు లేని ఇంటినుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడట. ఆ తల్లి ఊరంతా తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పోయినవాళ్లే. ఆ కథ టీ వేళ ఆవిడే మాకు చెప్పారు.

హెడ్ సిస్టర్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఇప్పుడు ఆ కథ చెబితే నన్ను చెప్పుతో కొట్టాలి" అన్నారు. "ఆ తల్లికి బుద్ధుడు ఉపన్యాసం ఇవ్వలేదమ్మా. ఇల్లిల్లూ తిరగనిచ్చాడు. ఎవరి దుఃఖం వాళ్లు నడిచే తెలుసుకోవాలి."

తర్వాత క్యాంటీన్ నుంచి ఇడ్లీ పొట్లం తెప్పించి, ఆమె పక్కన నేల మీదే కూర్చున్నారు. "పొద్దున్నించి ఏమైనా తిన్నావా?" అని అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. తెచ్చిన ఇడ్లీ కూడా తినలేదు. పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హెడ్ సిస్టర్ లేవకుండా ఆమె పక్కనే ఉన్నారు. వార్డులో ఎవరో పిలుస్తుంటే నన్ను వెళ్లమని సైగ చేశారు.

ఆ గదిలో చేయాల్సిన పని పెద్దగా ఉండదు. సెలైన్ చూడాలి, మత్తు ఇంజెక్షన్లు వేళకి వేయాలి, శుభ్రం చేయాలి. అయినా లోపలికి వెళ్లడానికి ఎవరికీ కాళ్లు ఆడేవి కావు. మా ఆయా గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి, "నన్ను చంపేసినా ఎల్లనండి, ఇంటికాడ మనవరాలు పాకుతోంది" అని ఏడ్చేసింది. డాక్టరు కిటికీ తెర కొంచెం తప్పించి బయటి నుంచే చూసేవాడు. పక్క వార్డుల వాళ్లు ఏదో పని ఉన్నట్టు అటుగా వచ్చి తొంగి చూసి పోయేవారు. మనిషి నుంచి మనిషికి అది అంటుకోవడం దాదాపు జరగదని మా అందరికీ తెలుసు. ఆ 'దాదాపు' అన్న మాటే మా కాళ్లకి అడ్డం పడేది.

ముందుజాగ్రత్త సూదులు సిబ్బంది కూడా వేయించుకోవచ్చు. రేపు, ఎల్లుండి అనుకుంటూ నేను వేయించుకోలేదు. మీరు ఇది చదివాక ఆ వాయిదా మానేస్తే, ఇంతసేపు రాసినందుకు నాకు అదే చాలు.

మర్నాడు ఉదయం ఇంజెక్షన్ వేయడం నా వంతు. మాస్కు, గ్లవ్స్ వేసుకున్నాను. కంట్లో తుంపరలు పడకుండా పెట్టుకునే కళ్లద్దాలు దొరకలేదు. ఆయన మెలకువగానే ఉన్నాడు. "నెప్పి పెట్టకుండా ఎయ్యండమ్మా" అని చెయ్యి చాపాడు. మందు సగం ఎక్కించాను. అప్పుడే ఆయా, పాపం ఎలాగో ధైర్యం చేసుకుని, ట్రే అందించడానికి తలుపు తీసింది. గోదావరి మీది గాలి వరండా గుండా నేరుగా లోపలికి వచ్చింది. తెర లేచింది. నేను అడ్డంగా జరిగేలోపే ఆయన ముఖానికి తగిలింది.

ఒళ్లంతా విల్లులా వంగిపోయాడు. ఊపిరి అందక దగ్గాడు. నా కుడికంట్లో వెచ్చగా తడి తగిలింది.

సూది ఎలా తీశానో, ఎక్కడ పెట్టానో గుర్తులేదు. సింకు దగ్గరికి పరిగెత్తాను. కుళాయి కింద కన్ను పెట్టి, రెప్ప విప్పి పట్టుకుని కడుగుతూనే ఉన్నాను. ఎంతసేపు కడిగినా చాలలేదు. వెంటనే సూదులు మొదలుపెట్టారు. "వెంటనే కడిగారు, సూదులు పడ్డాయి, ఏం కాదు మేడం" అన్నాడు డాక్టరు. ఆ మాట అంటున్నప్పుడు అతను ఎప్పుడూ నిలబడే చోటు కన్నా ఒక అడుగు వెనకాల నిలబడ్డాడు. నేను గమనించాను. అతను గమనించలేదు. ఆయా టీ తెచ్చి బల్ల మీద పెట్టి, నా వైపు తోసింది.

హెడ్ సిస్టర్ మాత్రం నా పక్కనే కూర్చుని, భుజం మీద చెయ్యి వేశారు. "చూడమ్మా, మనకి దెబ్బ తగలడం ఒక బాణం. తగిలాక ఏమవుతుందో, ఎలా పోతామో అని మనసులో తిప్పుకోవడం రెండో బాణం. మొదటిది కంట్లో పడింది, కడిగేశాం, మందు వేశాం. రెండోది నువ్వే గుచ్చుకుంటున్నావు. ఊపిరి మీద మనసు పెట్టు" అన్నారు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. "మీ కంట్లో పడలేదు కదండీ!" అన్నాను, వార్డంతా వినబడేలా.

ఆవిడ భుజం మీద నుంచి చెయ్యి తీసేశారు.  "నిజమే. నా కంట్లో పడలేదు. నువ్వు ఇంటికి వెళ్లు. ఆయనకి వేయాల్సిన మిగతా డోసులు నేను చూసుకుంటాను" అని లేచి వెళ్లిపోయారు.

ఇంటికి వెళ్లానన్న మాటే గానీ, గుమ్మంలోనే ఆగిపోయాను. దేన్ని ముట్టుకోవాలో తెలియలేదు. మా ఆయనకి విషయం చెబితే "సూదులు వేశారుగా" అన్నారు, కానీ ఆయన గొంతు సన్నగా పలికింది. సాయంత్రం నేను నీళ్లు తాగి గ్లాసు పెట్టగానే, బడినుంచి వచ్చిన మా అమ్మాయి మిగిలిన నీళ్లు తాగబోయింది. నేను గ్లాసు లాక్కుని దొడ్లోకి విసిరేశాను. పిల్ల బిక్కచచ్చిపోయింది. నేనేం తప్పు చేశానమ్మా అన్నట్టు చూసింది. దగ్గరికి తీసుకుందామంటే చేతులు రాలేదు. దానికి నేను ఏమీ చేయలేదు, ఏమీ అంటించలేదు. అయినా ఆ కాసేపట్లో నేనే నా ఇంట్లో ఐసొలేషన్ గదిలో ఉన్నాను. హెడ్ సిస్టర్ చెప్పిన రెండో బాణం ఏంటో అప్పుడు తెలిసింది. తెలిసినా భయం రవ్వంత తగ్గలేదు. ఆ బోధ మందుబిళ్లలా పనిచేయలేదని ఆవిడ మీద ఇంకా కోపం వచ్చింది.

మర్నాడు సెలవు పెడదామనే అనుకున్నాను. ఇంట్లో ఉంటే ఇంకా భయమని డ్యూటీకి వెళ్లాను. వరండా మలుపు తిరిగేసరికి హెడ్ సిస్టర్ ఆ గది తలుపు బయట నిలబడి ఉన్నారు. నిన్నటి నుంచి ఇంటికి వెళ్లలేదట. అవే బట్టలు. గ్లవ్స్ వేసుకోబోతున్నారు, వేళ్లు దూరడం లేదు. చేతులు రెండూ వణుకుతున్నాయి. ఒక గ్లవ్ చిరిగిపోయింది. దాన్ని తీసి, ఇంకొకటి అందుకున్నారు. అదీ సగంలో ఇరుక్కుంది. కళ్లు మూసుకుని గుమ్మానికి నుదురు ఆనించారు.

నేను దగ్గరికి వెళ్లి ఆ గ్లవ్ పట్టుకుని లాగి సరిచేశాను. ఆవిడ ఉలిక్కిపడి చూశారు.

"మీకూ భయమేనా అండి?" అన్నాను.

"ఈ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ" అన్నారు.

"మరి ఊపిరి మీద మనసు, బాణాలు..."

"అవి చెప్పుకుంటూనే వణుకుతున్నానమ్మా. భయం పోయాక వెళ్దామనుకుంటే ఈ గదిలోకి ఎవరూ వెళ్లరు. లోపల ఆయన ఒక్కడే ఉంటాడు."

 నేను వేరే అలమరలోంచి కళ్లద్దాలు వెతికి తెచ్చి ఇద్దరికీ పెట్టాను. తలుపు తీసేముందు వరండా కిటికీలన్నీ మూసి, తెర దించి, లోపలికి వెళ్లాం.

ఆయన బాగా నీరసించిపోయాడు. పెదవులు ఎండి చీలిపోయాయి. కళ్లు మాత్రం చాలా తేటగా ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు.

"నిన్న మీ కంట్లో పడింది కదండి?" అన్నాడు.

 తలూపాను.

"పిల్లలున్నారా అండి మీకు?"

"ఒక పాప."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "నన్ను కట్టేయండమ్మా. అది వచ్చినప్పుడు నా సేతుల్లో నేనుండను. ఇంకెవరి మీదైనా పడతానేమోనని పొద్దున్నించి అదే భయం. సచ్చిపోతానని కాదండి. ఇదే" అన్నాడు.

ఆ మంచం మీద మిగిలిన కొద్దిపాటి తెలివిని ఆ మనిషి మా గురించి ఖర్చు పెడుతున్నాడు. నేను నిన్నంతా నా కన్ను తప్ప లోకంలో ఇంకేదీ లేనట్టు బతికాను. సిగ్గుపడే తీరిక లేదు అప్పుడు. చేయాల్సిన పని ఉంది.

హెడ్ సిస్టర్ అడిగారు. "నీ భార్యని చూడాలని ఉందా?"

"వద్దండి" అన్నాడు వెంటనే. తర్వాత, "దూరం నుంచి... తలుపు కాడ నుంచి చూత్తే చాలండి" అన్నాడు. ఆ తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఏడిస్తే గొంతు పట్టేస్తుందని తెలిసి, చప్పుడు రాకుండా ఏడ్చాడు.

ఆమె వచ్చిన రోజునుంచీ వరండాలోనే ఉంది. లోపలికి ఎవరినీ పంపకూడదని నియమం. హెడ్ సిస్టరూ నేనూ కలిసి డాక్టరు గదికి వెళ్లాం. మందు కొంచెం పెంచి ఆయనకి నిద్ర పట్టించాలి, ఆమెకి గౌను, మాస్కు, కళ్లద్దాలు వేసి లోపల కూర్చోబెట్టాలి. ఇదీ మేము అడిగింది.

"ఏమైనా అయితే నాదండి బాధ్యత" అన్నాడు డాక్టరు. ముఖం పాలిపోయింది. "నా ఉద్యోగం..."

"మీదే డాక్టర్‌గారూ. మాదీ కూడా" అన్నారు హెడ్ సిస్టర్. "అయితే ఆయనకి ఇవ్వడానికి మీ చేతిలో ఉన్న మందు ఇదొక్కటే. ఇంకేదైనా ఉంటే చెప్పండి, అదే వేద్దాం."

డాక్టరు చాలాసేపు బల్ల మీద పెన్ను దొర్లించాడు. నేల మీద పగిలిన ఆ గ్లాసు గుర్తొచ్చిందో ఏమో నాకు తెలియదు. లేచి, కేస్ షీట్ తీసుకుని మందు మార్చి రాశాడు. "ఈ డోసు నేనే వేస్తాను" అన్నాడు. మొదటిసారి కిటికీ దాటి తలుపులోంచి లోపలికి వచ్చాడు. వేశాడు కూడా. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. నేను పక్కనుంచి వెళ్తున్నా లేవలేదు.

ఆమెకి గౌను తొడుగుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నాకు చానా బయమేత్తందండి" అంది. "ఆయనంటే కాదండి. ఆయన్ని అలా చూత్తానికి."

"నాకూ భయంగానే ఉంది" అన్నాను. ఆ మాట ఎవరికీ డ్యూటీలో అంత తేలిగ్గా చెప్పలేదు నేను. "ఇద్దరం కలిసి వెళ్దాం. తల దగ్గర వద్దు. కాళ్ల దగ్గర కూర్చో."

మత్తులో ఉన్నా ఆయనకి అలికిడి తెలిసింది. కళ్లు సగం తెరిచాడు. గౌనులో, కళ్లద్దాల్లో ఆమెని గుర్తుపట్టలేక కాసేపు అయోమయంగా చూశాడు. "నేనేనయ్యా" అంది ఆమె. అప్పుడు ఆయన కాలి వేళ్లు కదిలాయి. ఆమె దుప్పటి కిందకి చేతులు పెట్టి పాదాలు పట్టుకుంది. తోటలో నడిచి నడిచి పగిలిన పాదాలు. పెద్దగా మాట్లాడుకోలేదు వాళ్లు. మేక ఈనిందా అని అడిగాడు. "ఆయ్, రెండు పిల్లలు" అంది. ఏ రంగని అడగబోయాడు, మాట మధ్యలో నిద్రలోకి జారిపోయాడు.

అప్పటినుంచి ఆమె పాదాలు వదల్లేదు. నొక్కుతూనే ఉంది. హెడ్ సిస్టర్ తల వైపు స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను మధ్యలో సెలైన్ చూస్తున్నాను. గది చీకటిగా, ఉక్కగా ఉంది. చెమటకి కళ్లద్దాలు మసకబారాయి. ఆ మధ్యలో రెండుసార్లు ఈడ్పు వచ్చింది, మందు వల్ల చిన్నగానే పోయింది.  ఎవరమూ లేచి బయటికి పోలేదు. చేతులకి గుడ్డ మెత్తగా చుట్టి మంచానికి వదులుగా కట్టాం, ఆయన అడిగాడు కాబట్టి. ఆ కట్లు బిగించే అవసరం రాలేదు.

మధ్యాహ్నం దాటాక శ్వాస తగ్గుతూ వచ్చింది. ఆమెకి ముందు తెలియలేదు. నొక్కుతూనే ఉంది. హెడ్ సిస్టర్ నాడి చూసి, ఆమె పేరు పెట్టి పిలిచారు. ఆమె తలెత్తలేదు. "ఇంకా వెచ్చగానే ఉన్నాయండి" అంది. మేము ఆమెని ఆపలేదు. చల్లబడేదాకా అలాగే కూర్చోనిచ్చాం.

నా మాటకి వస్తే, ఆ తర్వాత చాలా నెలలు నేను ప్రతి గుక్క నీళ్లూ మింగేముందు ఒక క్షణం ఆగేదాన్ని. గొంతు దిగిందా లేదా అని చూసుకునేదాన్ని. ఫ్యాను వేస్తే ముఖం మీద గాలికి ఏమైనా అవుతుందా అని కనిపెట్టుకుని కూర్చునేదాన్ని. రెండో బాణం అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. చెప్పుకున్నా గుచ్చుకునేది. కాకపోతే గుచ్చుకున్నప్పుడు, ఇదిగో ఇది భయం, కంట్లో పడింది వేరే అని గుర్తుపట్టడం మాత్రం వచ్చింది. మా అమ్మాయిని దగ్గరికి తీసుకోవడానికి ఆ కాస్త గుర్తు చాలింది. హెడ్ సిస్టర్‌కి ఆరోజు అరిచినందుకు క్షమాపణ చెప్పబోతే, "నువ్వన్నది సరైన మాటే. అందుకే తర్వాత నీకేమీ చెప్పలేదు" అన్నారు. అలా అని ఆవిడ మెత్తబడ్డారనుకోకండి. దుప్పటి మూలలు సరిగా లేకపోతే ఎప్పటిలాగే విప్పేసేవారు.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక రోజు పొద్దున్నే ఔట్‌పేషెంట్ల దగ్గర గోల వినబడింది. ఒక ముసలాయన "నన్నొదిలెయ్యవే తల్లీ, ఇంటికెల్లాలి" అని అరుస్తున్నాడు. పిక్కకి రక్తం మరకల గుడ్డ. ఆయన మణికట్టు పట్టుకుని ఒక ఆడమనిషి లాక్కొస్తోంది. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను. ఆమే. బాగా చిక్కిపోయింది.

"కుక్క కరిచిందండి ఈయన్ని" అంది నన్ను చూసి, ఆయాసపడుతూ. "జంగారెడ్డిగూడెంలో ఒక సూది ఏసారు. పుండు లోతుగా ఉంది, చుట్టూ ఇంకో మందు ఎయ్యాలి, పెద్దాసుపత్రికి ఎల్లమన్నారు. ఈయనేమో ఇంటికి పోతానని బస్టాండులో కూర్చున్నాడండి."

"మీ మావయ్యగారా?" అన్నాను.

ముసలాయనే జవాబిచ్చాడు. "మావయ్యా లేదు, గీవయ్యా లేదు. ఈ పిల్లెవరో నాకు తెలీదండి బాబూ! కుక్క కరిసిందా అనడిగింది. ఆఁ అన్నాను. అంతే, బస్సెక్కించేసింది. దారంతా చెయ్యి వదల్లేదు, దూకేత్తానేమోనని."

నేను హెడ్ సిస్టర్ కోసం చూశాను. ఆవిడ వెనకే ఉన్నారు, అంతా విన్నారు. ఏదైనా అంటారేమో అనుకున్నాను.  ముసలాయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, పిక్క మీది గుడ్డ విప్పడం మొదలుపెట్టారు.

"ఇది కొంచెం నొప్పి పెడుతుంది పెద్దాయనా. గాయం చుట్టూ వేయాలి" అన్నారు. తర్వాత ఆమె వైపు తిరిగి, "నువ్వు బయట కూర్చో అమ్మా. ఇది చూడలేవు" అన్నారు.

ఆమె ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.  వరండా వైపు, ఆ మలుపు వైపు చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టుకుంది.

"ఉంటానండి" అంది.

సూది దిగగానే ముసలాయన గట్టిగా అరిచాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ఒళ్లంతా వణుకుతోంది. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.